బేటీతో పాటు అమ్మీ కూడా నీళ్లలోకి దిగాలి



ఎండాకాలం సెలవులొస్తే చాలు, మన ఇళ్లలో ఒక బహస్ మొదలవుతుంది. పిల్లల్ని ఈతకు పంపాలా వద్దా, పంపితే ఏ వయసులో పంపాలి, ఎవరు తీసుకెళ్లాలి? పంపడం మీద ఇప్పుడు పెద్దగా ఎవరికీ ఎతరాజ్ లేదు. అల్‌హమ్దులిల్లాహ్, అక్కడిదాకా వచ్చాం. నా గొడవంతా చివరి సవాల్ మీదే. చంటిపిల్లను మొదటిసారి నీళ్లలోకి దించే రోజు అబ్బా లోపలికి దిగుతాడు. అమ్మీ బయట బల్ల మీద తువ్వాలు, పాలసీసా పట్టుకుని కూర్చుంటుంది. ఈ పద్ధతి మారాలి. బిడ్డతో పాటు అమ్మీ కూడా దిగాలి, తనూ ఈత నేర్చుకోవాలి. అందుకు కావాల్సిన ఇంతెజామ్ మనమే అడిగి చేయించుకోవాలి.

కొంచెం సోంచాయించండి. నీళ్ల దగ్గర పసిపిల్లకు అందరికన్నా దగ్గరగా ఉండేదెవరు? అమ్మీ, నానీమా, ఖాలా, ఇంకా పదేళ్లు నిండని ఆపా. ఈత రానిది ఎవరికి? వాళ్లకే.

మా మైకా కృష్ణా కాలువ గట్టున ఒక చిన్న ఊరు. మా భాయిలంతా ఏడెనిమిదేళ్లకే వీపుకి బెండు కట్టుకుని కాలువలో దూకేవాళ్లు. మామూ నడుం దగ్గర చెయ్యి పెట్టి, 'కాళ్లాడించు, కాళ్లాడించు' అనేవాడు. ఆడపిల్లలం మేం రేవు మెట్ల మీద కూర్చుని చూసేవాళ్లం. బట్టలుతికేది అమ్మీ, గిన్నెలు తోమేది ఖాలా, పసివాళ్లను చంకనేసుకుని నిలబడేది నానీమా. పొద్దుటి పూట రేవంతా ఆడవాళ్లే. ఒక్కరికీ ఈత రాదు. ఈత వచ్చిన మగవాళ్లు ఆ వేళకి పొలాల్లోనో దుకాణాల్లోనో ఉండేవాళ్లు.

మా ఖాలా కూతురు మూడేళ్లప్పుడు మెట్టు జారి నీళ్లలో పడింది. ఖాలా గట్టు మీద నిలబడి అరిచింది. అరవడం తప్ప ఆమె చేతిలో ఏముంది? గేదెలు తోలుకుపోతున్న ఒక పిల్లాడు విని దూకి తీశాడు. అల్లాహ్ కరమ్, పిల్ల బతికింది. ఇప్పుడామె ఇద్దరు పిల్లల తల్లి. ఆ గేదెలు ఆ రోజు ఇంకో దారిన పోయుంటే? ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ, ఆ తర్వాత ఆడపిల్లలకు రేవు దగ్గరికే ఇజాజత్ లేకుండా పోయింది. భయానికి మా పెద్దలకు తెలిసిన ఇలాజ్ అదొక్కటే, ఆడపిల్లను నీళ్లకు దూరం పెట్టడం. ఈత నేర్పించాలని ఎవరికీ తోచలేదు.

ఇది ఒక్క మా ఊరి కథ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబర్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2021లో దునియా మొత్తం మీద దాదాపు 3 లక్షల మంది నీళ్లలో మునిగి పోయారు. అందులో దగ్గర దగ్గర నాలుగో వంతు ఐదేళ్ల లోపు పసివాళ్లు. చెరువులు, కాలువలు, క్వారీ గుంతలు ఉన్న మన జిల్లాల వాళ్లకు ఈ లెక్క ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

పోయిన ఏప్రిల్‌లో మా బేటీకి రెండున్నరేళ్లు. హైదరాబాద్‌లో మా ఇంటికి దగ్గర్లో ఉన్న పూల్‌కి ముందు ఫోన్ చేశాను. నేను ముస్లిం అని పేరును బట్టి తెలియగానే, 'బురఖా వాళ్లకు కుదరదండీ' అని పెట్టేశారు. ఏం వేసుకుని వస్తానో అడగనైనా అడగలేదు. ఆ పూల్ పేరు రాయను, అలాంటివి ఒకటీ రెండూ కావు. ఆటోలో ఇరవై నిమిషాలు పోతే ఇంకో పూల్ దొరికింది. పదకొండు నుంచి పన్నెండు దాకా ఆడవాళ్ల బ్యాచ్, కోచ్ కూడా ఆడమనిషే. మా సాస్ విని, 'బచ్చీకు పానీ మే లేజారే క్యా? నజర్ లగ్తీ, సర్దీ హోతీ' అన్నారు. దిష్టి, జలుబు, రెండూ ఒకే ఊపిరిలో. జలుబు సంగతి నేను చూసుకుంటా, నజర్ సంగతి మీరు దువా చేయండి అమ్మీ అన్నాను. నవ్వి ఊరుకున్నారు.

ఆ రోజు మా ఆయన గేటు బయట చాయ్ బండి దగ్గర బ్యాగు పట్టుకుని నిలబడ్డారు. నేను నడుము లోతు నీళ్లలో బిడ్డను ఎత్తుకుని నిలబడ్డాను. పిల్ల నా మెడ చుట్టూ చేతులు బిగించేసింది. అక్కడ నాకు ఒక విషయం అర్థమైంది. నేను బిగుసుకుంటే తనూ బిగుసుకుంటోంది. నేను ఊపిరి వదిలి భుజాలు దించితే తన చేతులూ సడలుతున్నాయి. కోచ్ ఆపా నాతో, 'పాపను తర్వాత చూద్దాం, ముందు మీరు నీళ్ల మీద నోటితో బుడగలు ఊదండి' అంది. నేను ఊదాను. నన్ను చూసి మా బేటీ పడీ పడీ నవ్వి తనూ ఊదింది. పదిహేను నిమిషాలకు పెదాలు వణకడం మొదలైంది. తువ్వాల్లో చుట్టి బయటికి తెచ్చేశాను. మొదటి రోజుకి అంతే. ఈత రాలేదు, కానీ నీళ్లంటే ఖౌఫ్ తగ్గింది, ఇద్దరికీ.

అమ్మీ బల్ల మీద కూర్చోవడం వల్ల జరిగే నష్టం ఇదే. నీళ్లంటే భయం మనకు నానీమా నుంచి అమ్మీకి, అమ్మీ నుంచి బేటీకి విరాసత్‌లా వస్తోంది. పిల్ల అబ్బా చేతుల్లో ఉన్నా చూపు అమ్మీ ముఖం మీదే ఉంటుంది. ఆ ముఖంలో భయం ఉంటే ఏ కోచ్ ఎంత నేర్పినా సగమే ఎక్కుతుంది.

ఇక హయా సంగతికి వస్తాను. ఈ మాట ఎత్తగానే, 'అయితే పర్దా వదిలెయ్యమంటావా?' అని అడుగుతారు. వదలమని నేను అనడం లేదు. పర్దా పాటించే ఔరత్‌కు పర్దాతోనే ఈత నేర్చుకునే వీలు ఉండాలంటున్నాను. మన షాదీఖానాల్లో జనానాకు వేరే ద్వారం, వేరే దస్తర్‌ఖాన్, వేరే వడ్డించేవాళ్లు, అన్నీ ఏర్పాటు చేస్తాం. ఒక్క పూట దావత్‌కు ఇంత చేయగలిగిన వాళ్లం, పిల్లల జాన్‌కు పనికొచ్చే హునర్ కోసం వారానికి రెండు గంటల ఇంతెజామ్ చేయలేమా? ఈత వృథా ఆట అనే వాళ్లకు ఒక మాట. ఇమామ్ నసాయీ తెచ్చిన ఒక రివాయత్‌లో వృథా కాలక్షేపం కింద లెక్కకు రాని నాలుగు పనులు చెప్పారు. అందులో ఈత నేర్చుకోవడం ఒకటి.

బట్టల గురించి కూడా సాఫ్‌గా మాట్లాడుకుందాం. కాటన్ సల్వార్ కమీజ్‌తో పూల్‌లోకి రానివ్వకపోతే అది జుల్మ్ కాదు. కాటన్ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, మనిషిని కిందికి లాగుతుంది. దాని పీచు పూల్ ఫిల్టర్‌లో చిక్కుకుంటుంది. ఒంటి నిండా కప్పి, తలకు టోపీతో సహా వచ్చే నైలాన్, పాలిస్టర్ స్విమ్ సూట్‌లు ఇప్పుడు బజార్‌లో దొరుకుతున్నాయి. వాటిలో పేరున్న బుర్కినీని 2004లో ఆస్ట్రేలియాలో అహెదా జనెట్టి అనే లెబనీస్ మూలాలున్న ముస్లిం ఔరత్ తయారు చేసింది. హిజాబ్‌తో నెట్‌బాల్ ఆడుతున్న మేనకోడలి తిప్పలు చూసి ఆమెకు ఆ ఖయాల్ వచ్చిందట. కాబట్టి పూల్ వాళ్లతో మాట్లాడేటప్పుడు, 'ఏ గుడ్డ అయితే మీకు సరే?' అని అడగండి. గుడ్డ మీద షరతు పెడితే ఒప్పుకోవచ్చు. మనిషి మీద పెడితే మాత్రం అక్కడే నిలబడి జవాబ్ అడగాలి.

చంటిపిల్లతో వెళ్లే తల్లులకు కొన్ని పనికొచ్చే మాటలు. ఏడాది నిండిన పిల్లలకు ఈత క్లాసులు మునిగే ప్రమాదాన్ని తగ్గించవచ్చని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2019లో చెప్పింది. ఏడాది లోపు పిల్లలకు అలాంటి ఫాయిదా ఉందనడానికి సబూత్ లేదంది. తొందర పడొద్దు. నీళ్లు గోరువెచ్చగా, 30 డిగ్రీలకు తగ్గకుండా ఉంటే పసిపిల్లకు మంచిది. మొదటి రోజుల్లో పావుగంట, మహా అయితే అరగంట. వణికితే వెంటనే బయటికి. విరేచనాలు అవుతుంటే పూల్ మాటే వద్దు. కొన్ని క్రిములు క్లోరిన్ నీళ్లలో కూడా రోజుల తరబడి బతుకుతాయి. ఈత డైపర్ వేసినా అది వాటిని ఆపదు. దిగే ముందు, వచ్చాక, రెండుసార్లూ స్నానం చేయించండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, క్లాసుకు వెళ్లిన పిల్ల మునగదు అనుకోవద్దు. రెండు మూడేళ్ల పిల్లకు ఎంత నేర్పినా తనను తాను కాపాడుకునే అఖల్ ఉండదు. చేతులకు గాలి ఊది తొడిగే ఆ రంగు రంగుల ట్యూబులు ఆటవస్తువులు, వాటిని నమ్మి పిల్లను వదలొద్దు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఒక పెద్దమనిషి ఉండాలి. ఆ మనిషి ఫోన్ బ్యాగులో ఉండాలి. మునిగే పిల్ల సినిమాలో లాగా చేతులు ఊపి అరవదు. చప్పుడు లేకుండా మునిగిపోతుంది.

ఈ హుషారీ పూల్‌లోనే కాదు, ఇంట్లోనూ కావాలి. మన ఇళ్లలో గుసుల్‌ఖానాలో నిండిన బకెట్, మూత సరిగ్గా లేని సంపు, మస్జిద్‌లో వుజూ చేసే హౌజ్, ఇవన్నీ నడక నేర్చిన పిల్లకు చెరువుతో సమానం. పసిపిల్ల తల బరువు ఎక్కువ, బకెట్‌లోకి వంగి తలకిందులైతే తనంతట తాను లేవలేదు. వాడాక బకెట్ బోర్లించండి, సంపు మూతకు గొళ్లెం పెట్టించండి.

కాలువ దగ్గర ఎవరైనా మునుగుతుంటే, పూల్‌లో నాలుగు వారాలు నేర్చుకున్న ధైర్యంతో దూకొద్దు. గట్టు మీద పడుకుని చున్నీ ఒక కొస విసరండి, లేదా కర్ర అందించండి. నీళ్లలోంచి తీసిన పిల్లను తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కడం, ఒళ్లంతా ఉప్పు కప్పడం, ఇవేవీ పనిచేయవు. వేళ మాత్రం పోతుంది. ఊపిరి లేకపోతే నోట్లో ఊపిరి ఊది, ఛాతీ నొక్కాలి, ఆ లోపు ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. సీపీఆర్ అనే ఈ పని ఒక పూటలో నేర్చుకోవచ్చు. మొహల్లాలో ఒక డాక్టర్‌ను పిలిచి ఆడవాళ్లందరికీ కలిపి నేర్పించండి.

పేదవాళ్లకు ఇవన్నీ ఎక్కడ సాధ్యం అంటారా? బంగ్లాదేశ్ చూడండి. ఇంటి పక్క కుంటల్లో పసివాళ్లు మునిగిపోయేది ఎక్కువగా పొద్దుటి పూట, తల్లులు వంటా పనుల్లో ఉన్నప్పుడు. అందుకని ఊళ్లలో 'ఆంచల్' పేరుతో పిల్లల కేంద్రాలు పెట్టారు. ఆ ఊరి ఆడవాళ్లకే తాలీమ్ ఇచ్చి, పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఐదేళ్ల లోపు పిల్లల్ని వాళ్ల నిగరానీలో ఉంచారు. నాలుగేళ్లు దాటిన పిల్లలకు ఊరి చెరువులోనే వెదురు తడకలు కట్టి ఈత నేర్పారు. టైల్స్ పూల్ లేదు, ఖరీదైన ఫీజు లేదు. ఊరి ఆడవాళ్లను నమ్మి పని అప్పజెప్పారు, అంతే.

మనమేం అడగాలి? మున్సిపల్ పూల్స్ మన పన్నులతో నడిచేవి. వారంలో కొన్ని గంటలు ఆడవాళ్లకు, పసిపిల్లల తల్లులకు కేటాయించమని, కోచ్‌నూ కాపలా మనిషినీ ఆడవాళ్లనే పెట్టమని పది మంది తల్లులు సంతకాలు చేసి దరఖాస్త్ ఇవ్వాలి. ఇది మన ఒక్క ఖౌమ్ కోసం కాదు. మా బ్యాచ్‌లో సగం మంది హిందూ అక్కలే. మగవాళ్ల ముందు ఈత నేర్చుకోవడానికి సిగ్గుపడేది వాళ్లు కూడా. మస్జిద్ కమిటీ పెద్దలు ఎండాకాలం దీనీ క్లాసులతో పాటు పిల్లల్ని ఈతకు పంపే ఏర్పాటు కూడా చేయాలి. అందులో ఆడపిల్లల పేర్లు కూడా ఉండాలి. భాయిజాన్‌లకు ఒక్కటే గుజారిష్. ఆ గంటసేపు బ్యాగు మీరు పట్టుకోండి. వంట మీ అమ్మీకో బయటి బిర్యానీకో వదిలెయ్యండి.

ఔలాద్ అల్లాహ్ ఇచ్చిన అమానత్ అని మనం రోజూ అంటాం. ఆ అమానత్‌ను రోజంతా మోసేది తల్లి. ఆమెకు నీళ్లలో నిలబడే హిమ్మత్ నేర్పించడం ఇంటిల్లిపాదికీ ఫర్జ్ లాంటిదే. ఈ ఆదివారం మీ ఊరి పూల్‌కి ఫోన్ చేసి, ఆడవాళ్ల బ్యాచ్ ఎప్పుడని అడగండి. లేదంటే, ఎప్పుడు పెడతారని అడగండి.

అల్లాహ్ మన పిల్లలందరినీ హిఫాజత్‌లో ఉంచుగాక. ఆమీన్.