మూడు లాడ్జీలలో మన పేరు



దువ్వాడలో ఇల్లున్నవారికి ఒక పని తప్పదు. హౌరా వైపు నుండి చెన్నై వైపు పోయే రైళ్లలో కొన్ని విశాఖపట్నం స్టేషనులోనికి వెళ్లవు. వెళితే అక్కడ ఇంజను విప్పి రెండో చివర తగిలించి, వచ్చిన దారినే వెనక్కి రావాలి. ఆ ఆలస్యం ఎందుకని మా ఊరిలోనే ఆగి సాగిపోతాయి. అందుచేత బంధువులలో ఎవరు దూరప్రయాణం పెట్టుకున్నా ముందు రోజు సాయంత్రం సామానుతో సహా మా ఇంట్లో దిగుతారు. ఆ రాత్రి భోజనాల దగ్గర ప్రయాణపు కబుర్లు తప్ప ఇంకొకటి వినబడదు.

మొన్న మా మరిదిగారి అమ్మాయి కుటుంబంతో వచ్చింది. ఊటీ వెళ్తున్నారు. అన్నం తింటూనే ఫోను తీసి చూపించింది. "పెద్దమ్మా, నాలుగు హోటళ్లు బుక్ చేసి పెట్టాను. రేపు రాత్రి వరకు చూసి మూడు కాన్సిల్ చేసేస్తాను. పైసా ఖర్చు లేదు." తెలివైన పిల్ల అని అందరూ మెచ్చుకున్నారు. నేను మాత్రం పులుసు తెచ్చే నెపంతో వంటింట్లోకి పోయాను. నాకు మాట్లాడే ముఖం లేదు మరి.

నాలుగేళ్ల క్రితం మావారిని గుండె పరీక్షల కోసం వేలూరు సి.ఎం.సి.కి తీసుకువెళ్లాం. మనవాళ్లలో ఆ దారి తెలియని ఇల్లు తక్కువే. కాట్పాడిలో దిగి ఆటో ఎక్కితే ఆసుపత్రి చుట్టుపక్కల వీధులన్నీ లాడ్జీలే. నేను బయలుదేరడానికి పది రోజుల ముందే ఫోన్లు చేశాను. ఒక లాడ్జీ గేటుకు దగ్గర. రెండవదానిలో వండుకోవడానికి గట్టు, గ్యాసు పొయ్యి ఉన్నాయి. మూడవదానిలో లిఫ్టు ఉంది. మెట్లు ఎక్కవలసివస్తే ఈయనకు ఆయాసం, బయటి తిండి పడదు, ఎండలో ఎక్కువ దూరం నడవలేరు. ఏది ముఖ్యమో తేల్చుకోలేక మూడింటికీ సరే అన్నాను. అడ్వాన్సు ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఒక్కదానికే కట్టేదాన్ని, ఆ సంగతి నాకు తెలుసు.

రైలు నెల్లూరు దాటాక ఫోను తీశాను. లిఫ్టు ఉన్న లాడ్జీవారు "అలాగేనమ్మా" అని పెట్టేశారు. పొయ్యి ఉన్న లాడ్జీ ఆయన కోప్పడలేదు. తమిళం కలిసిన తెలుగులో ఒక్క మాట అన్నాడు. "నిన్న అయిదుగురికి గది లేదని చెప్పానమ్మా." నేను సారీ అన్నాను. ఈయన కిటికీలోనుండి బయటికి చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు రక్తపరీక్షల వరుసలో నా పక్కన బొబ్బిలి వైపు ఆమె కూర్చుంది. తల్లికి తుంటి ఎముక విరిగింది. వారం నుండి లిఫ్టు ఉన్న గది కోసం ఫోన్లు చేస్తే ఖాళీ లేదన్నారట. చివరికి మేడమీద రెండో అంతస్తులో దొరికిందట. "మా తమ్ముడు, నేను అమ్మని కుర్చీలో కూచోబెట్టి ఎత్తుకెళ్లాం అక్కా. మలుపులో అమ్మ కేక పెట్టింది" అన్నది. ఆమె ఏ లాడ్జీకి ఫోను చేసిందో నేను అడగలేదు. అది మా పేరున ఉన్న గదేనని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను. అడగకపోవడం ధైర్యం లేకనే.

తేదీ మారితే రద్దు చేయడం తప్పు కాదు. డాక్టరుగారు వచ్చే వారం రమ్మంటే ఎవరేం చేస్తారు? నేను చెప్పేది, మొదటినుండీ దిగే ఉద్దేశం లేకుండా పట్టిపెట్టిన గది సంగతి. ఇడ్లీపిండి మిగిలితే రేపు దోసెలు పోయవచ్చు. నిన్నటి రాత్రి ఖాళీగా పోయిన గదిని ఈ రోజు ఎవరికీ అమ్మలేరు. అందుకే కొన్ని హోటళ్లవారు కొందరు రారులే అనే లెక్కతో ఉన్న గదులకంటే ఎక్కువ మందికి మాట ఇచ్చేస్తారు. ఒక రోజున అందరూ వస్తారు. అప్పుడు అర్ధరాత్రి పిల్లలతో వీధిలో నిలబడేది నాలుగు చోట్ల బుక్ చేసినవారు కాదు, ఒక్కచోటే నమ్ముకుని వచ్చినవారు.

రైల్వేవారికి ఇది బాగా అనుభవం. 2015 నవంబరులో టిక్కెట్టు రద్దు చార్జీలు రెట్టింపు చేశారు. 120 రోజుల ముందు మొదలయ్యే రిజర్వేషనును 2024 నవంబరు 1 నుండి 60 రోజులకు తగ్గించారు. 61 నుండి 120 రోజుల ముందు తీసుకున్న టిక్కెట్లలో దాదాపు 21 శాతం రద్దవుతున్నాయని, సుమారు 5 శాతం మంది రద్దూ చేయక ప్రయాణమూ చేయడం లేదని అప్పుడు రైల్వేశాఖ చెప్పిన కారణం. పండుగకు పిల్లలు ఇంటికి రావడానికి వెయిటింగ్ లిస్టు చూసి నిట్టూర్చే తల్లులు ఆ 5 శాతం మాట మరొకసారి చదవండి.

ప్రతి ఏటా క్రిస్మసు నాటికలో సత్రం యజమాని వేషం వేసిన పిల్లవాడు తలుపు వేయగానే మనమందరం వాడిని కోపంగా చూస్తాం. ఆ గదులు పట్టిపెట్టుకున్నవారి వేషం ఇంతవరకు ఏ మాస్టారూ ఎవరికీ ఇవ్వలేదు!

వేలూరు నుండి వచ్చాక మా ఇంట్లో పద్ధతి మార్చాం. లాడ్జీకి ఫోను చేసేముందే ఆ ప్రయాణంలో మాకు తప్పనిసరిగా కావలసింది ఒకటి ఏదో కాగితంమీద రాసుకుంటాం. లిఫ్టు అయితే లిఫ్టే. పొయ్యి లేకపోతే క్యారియరు తెప్పించుకుంటాం. ఒక్క గదే చెప్పి, వారు అడగకపోయినా ఒకరోజు అద్దె పంపుతాం. డబ్బు కట్టాక మనసు ఇక అటూ ఇటూ పోదు. తేదీ మారితే తెలిసిన గంటలోనే చెప్తాం. నిరుడు ఒకసారి అలా కట్టిన డబ్బు పోయింది కూడా. ఈయన మూడు రోజులు ఆ సంగతి ఎత్తి నన్ను ఏడిపించారు.

ఆ రాత్రి పడుకోబోయేముందు మా అమ్మాయికి బొబ్బిలి ఆమె సంగతి చెప్పాను. ఏమీ అనలేదు. తెల్లవారి ప్లాట్‌ఫారంమీద రైలు కోసం నిలబడినప్పుడు ఫోను తీసి రెండు హోటళ్లు రద్దు చేసింది.

"మరి మూడోది?" అన్నాను.

"అది ఉండనీ పెద్దమ్మా. మొదటిది మా అత్తగారికి నచ్చకపోతే?"

ఇంతలో రైలు వచ్చేసింది. దువ్వాడలో ఎక్కువసేపు ఆగదు గదా. సామాను అందించడంతోనే సరిపోయింది.