ముతక జల్లెడ, సన్నని ధూళి

పార్లమెంటు శీతాకాల సమావేశాలు ముగిసిన మరునాడు ఈ విలేఖరి జంషెడ్‌పూర్ వెళ్ళడం తటస్థించింది. ఢిల్లీ పొగమంచు నుంచి నాలుగు రోజులు తప్పించుకోవచ్చుననే ఆశ కూడా లేకపోలేదు. టాటానగర్ స్టేషనులో దిగేసరికి ఆ ఆశ అడుగంటింది. చలికాలంలో గాలి కదలక, పొగ పైకి పోక, ఊరిని కప్పుకొని కూర్చోవడం ఢిల్లీకి మాత్రమే దక్కిన భాగ్యం కాదు.

కదమాలో మా అక్కయ్యగారి ఇల్లు. బావగారు ఉక్కు కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. శ్రీకాకుళం నుంచి వచ్చి, బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం చుట్టూ జీవితం అల్లుకున్న తరానికి చెందినవారు. వారి పడకగదిలో వేసవికి చల్లదనం, చలికాలానికి వెచ్చదనం ఇచ్చే ఏసీ ఒకటున్నది. అది ఉన్నా రాత్రంతా అక్కయ్యకు దగ్గు. మెకానిక్కు వచ్చి మూత తెరిచాడు. లోపలి జాలీ మీద బొంత పరిచినట్లు ధూళి.

బావగారు కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "ఫ్యాక్టరీలో సంచీ ఫిల్టరుకు ఇటూ అటూ గాలి ఒత్తిడిలో తేడా ఎంతో ప్రతి షిఫ్టులోనూ పుస్తకంలో రాసేవాళ్ళం. తేడా పెరిగితే సంచులు పూడుకుపోయినట్లు; హఠాత్తుగా పడిపోతే ఏదో చిరిగినట్లు. ఇంట్లో మాత్రం నాలుగేళ్ళుగా దీన్ని విప్పి చూడలేదు."

ఈ జాలీని ధూళి కాలంలో రెండు వారాలకొకసారి మంచినీటితో కడిగి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి బిగించాలి. తడిగా బిగిస్తే బూజు పడుతుంది. పూడుకుపోతే గాలి తగ్గుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. అయితే ఎంత శుభ్రంగా ఉన్నా అది పట్టేది నూలు పోగులను, ముతక ధూళిని మాత్రమే. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఊపిరితిత్తుల లోతుకు దిగేది 2.5 మైక్రాన్లకు లోబడిన ధూళి. దానికి ఈ జాలీ తెరిచిన తలుపే. పైగా ఇళ్ళలోని సాధారణ స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి తిప్పి ఇస్తుంది. జాలీపై మందపాటి గుడ్డ కట్టడం పరిష్కారం కాదు, యంత్రానికి ఊపిరాడదు.

సన్నని ధూళికి హెపా ఫిల్టరు ఉన్న శుద్ధియంత్రం కావాలి. 0.3 మైక్రాన్ల కణాలలో నూటికి 99.97 వంతులు పట్టేదానికే ఆ పేరు చెల్లుతుంది. "హెపా తరహా" అని అట్టపెట్టె మీద రాసి ఉంటే అది వేరే సరుకని గ్రహించాలి. గది వైశాల్యానికి చాలినంత శుద్ధగాలిని ఇచ్చే యంత్రాన్నే ఎంచుకోవాలి. ఓజోన్ వెలువరించేవాటి జోలికి పోరాదు. హెపాను నీళ్ళతో కడగరాదు, నిండితే మార్చవలసిందే. వాయువులను అది ఆపలేదు. వాటికి ఉత్తేజిత బొగ్గు పొర వేరుగా ఉండాలి. కొనేముందు యంత్రం ధరతోపాటు ఏటా మార్చే ఫిల్టరు ధరను కూడా కలిపి లెక్కవేసుకోవడం మధ్యతరగతి వివేకం.

ఇంతవరకు గృహస్థు ధర్మం. ఇక రాజధర్మం మాటేమిటి?

2019లో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమాన్ని ప్రారంభించింది. అది తర్వాత సుమారు 130 నగరాలకు విస్తరించింది. వాటిలో జంషెడ్‌పూర్ కూడా ఉన్నది. విడుదలైన 10,566 కోట్ల రూపాయలలో నూటికి 64 వంతులు రోడ్ల ధూళిని అణచడానికే పోయాయని, పరిశ్రమల కాలుష్యంపై ఖర్చు ఒక్క శాతానికి కూడా చేరలేదని 2024లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ లెక్క తేల్చింది. నగరాల ప్రగతిని కొలిచేది కూడా ప్రధానంగా 10 మైక్రాన్ల ధూళితోనే. అనగా, మన ఏసీలోని ముతక జాలీనే ఢిల్లీ పెద్దలు దేశానికంతటికీ బిగించారు! రోడ్లు ఊడ్చి నీళ్ళు చల్లడం తప్పు కాదు. కాని ఉక్కు, బొగ్గు, వాహనాలు ఊపిరి పోసుకునే ఊళ్ళలో అదే ముఖ్య చికిత్స అనడం రోగిని మోసగించడమే.

చట్టాలకు కొరత లేదు. వాయు కాలుష్య నివారణ చట్టం 1981లోనే వచ్చింది. అత్యధిక కాలుష్యానికి ఆస్కారమున్న 17 తరగతుల పరిశ్రమలు పొగగొట్టాలకు నిరంతర పరికరాలు అమర్చి లెక్కలు పంపాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఆదేశించింది. ఉక్కు వాటిలో ఒకటి. ఆ లెక్కలను పౌరుడికి అర్థమయ్యే భాషలో వీధి బోర్డు మీద చూపితే తప్పేమిటి? జంషెడ్‌పూర్‌లో ఈ ప్రశ్నకు అదనపు బరువున్నది. నగర ప్రధాన భాగానికి ఎన్నికైన పురపాలక సంఘం ఏనాడూ లేదు. పారిశ్రామిక పట్టణాలకు రాజ్యాంగం 243-క్యూ అధికరణంలో ఇచ్చిన మినహాయింపును ఇక్కడ వర్తింపజేయాలని 2023లో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. రోడ్లు, నీళ్ళు చక్కగా అందుతుండవచ్చు. గాలి సంగతి అడగడానికి వార్డు సభ్యుడంటూ ఒకడుండాలి కదా!

2014-17 మధ్య ప్రధాని కార్యాలయంతో సహా ఢిల్లీలోని ప్రభుత్వ కార్యాలయాలకు 140 శుద్ధియంత్రాలు కొన్నారని 2018లో రాయిటర్స్ వెల్లడించింది. కొనడం నేరం కాదు. కాని తన గది గాలిని శుభ్రపరచుకున్న పాలకుడికి కిటికీ అవతలి గాలిపై ఆతురత తగ్గడం మానవ స్వభావం. ఏటా శీతాకాల సమావేశాల్లో కాలుష్యంపై గొంతులు లేస్తాయి. వసంతం రాగానే అణగిపోతాయి.

జాలీ కడిగిన రాత్రి అక్కయ్య దగ్గు కొంత తగ్గింది, పూర్తిగా కాదు. బావగారు ఒక నోటుపుస్తకం తెచ్చి కడిగిన తేదీ వేసి సంతకం చేశారు. షిఫ్టు అలవాటు. ఫిల్టరు ఎవరు విప్పారు, ఏనాడు చూశారు, ఏమి కనిపించింది అని రాసి పౌరుల ముందుంచే అటువంటి పుస్తకమొకటి కాలుష్య మండళ్ళకు కూడా కావాలి. అది ప్రతి ఏటా పార్లమెంటు బల్లమీదికి రావాలి.