కృష్ణాలో జలమార్గం సరే.. పడవలో ఎంతమంది ఎక్కారో ఎవరు లెక్కపెడుతున్నారు?

గరిడేపల్లి: ఓడ ప్రమాదం అనగానే మనకు సూయజ్, హోర్ముజ్ గుర్తొస్తాయి. గల్ఫ్‌లో మనవాళ్లు ఉన్నారు కదా, ఆ వార్తలు వదలకుండా చూస్తాం. కానీ మన పక్కన పారే కృష్ణా నది కూడా జాతీయ జలమార్గమేనని చాలామందికి తెలియదు. 2008లో ప్రకటించిన నాలుగో నంబరు జలమార్గంలో దామరచర్ల మండలం వజీరాబాద్ నుంచి విజయవాడ వరకు 157 కిలోమీటర్లు కృష్ణానే. అందులో ముక్త్యాల–విజయవాడ పనులకు 2017 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది.

ఇంకో నెలకే, నవంబర్ 12న, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి వచ్చినవాళ్లు. ఆ పడవకు అనుమతే లేదు.

మరుసటి ఏడాది గోదావరిలో రెండు నెలల్లో మూడు ప్రమాదాలు, మూడూ మూడు రకాలు. 2018 మే 11న దేవీపట్నం దగ్గర పాపికొండల బోటుకు నిప్పంటుకుంది. ఒడ్డుకు చేర్చగలిగారు కాబట్టి జనం బతికారు. మే 15న అక్కడికి దగ్గర్లోనే గాలివానకు లాంచీ మునిగింది. వాన కొడుతోందని తలుపులు మూసుకుని కూర్చున్నవాళ్లు లోపలే చిక్కుకుపోయారు. జులై 14న పశువుల్లంక దగ్గర నాటుపడవ కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బడిపిల్లలు గల్లంతయ్యారు.

అన్నిటికంటే పెద్దది కచ్చులూరు. 2019 సెప్టెంబర్ 15న గోదావరి వరద 5 లక్షల క్యూసెక్కులు దాటి ఉంటే 'రాయల్ వశిష్ఠ' బోటును వదిలారు. 77 మందిలో 26 మందే బయటపడ్డారు. నన్ను ఇంకా కలవరపెట్టేది ఒకటుంది. బోటులో ఎంతమంది ఉన్నారో మొదటి రోజు ఎవరూ సరిగా చెప్పలేకపోయారు, అంకె మారుతూనే పోయింది. రేవులో పేర్లు రాసుకోవడానికి ఇంజినీరింగ్ చదువు కావాలా? దీన్ని తక్దీర్ అని వదిలేయడానికి నాకు మనసొప్పదు.

మనుషులు లేని పడవలూ ప్రమాదమే. 2024 సెప్టెంబర్ వరదలో కొట్టుకొచ్చిన భారీ పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లను దెబ్బతీశాయి.

ఇక మన వైపు సంగతి. పులిచింతల నిండితే 45.77 టీఎంసీల నీరు నిలుస్తుంది. పాత నది లోతు తెలిసినవాళ్ల అంచనా ఇప్పుడు పనికిరాదు. పైన సాగర్ గేట్లు ఎత్తితే ప్రవాహం తీరే మారిపోతుంది. జాన్‌పహాడ్ ఉర్సుకో, పండగ సెలవులకో వచ్చి నది చూద్దామని పడవ ఎక్కేవాళ్లు ముందు ఈ గేట్ల సంగతి అడగాలి. పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఉన్నాయా, అవి మూలన కట్టలుగా పడేసి ఉన్నాయా చూడాలి.

1917 నాటి చట్టం పోయి 2021లో కొత్త అంతర్గత జలరవాణా నౌకల చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్, తనిఖీ, సరంగుకు సర్టిఫికెట్, బీమా అన్నీ అందులో ఉన్నాయి. కానీ ఇక్కడ నదే రెండు రాష్ట్రాలకు సరిహద్దు. మఠంపల్లి వైపు ఎక్కినవాళ్లు పల్నాడు వైపు దిగుతారు. ఆ పడవ ఏ ఒడ్డు అధికారి తనిఖీ చేయాలో సూర్యాపేట, పల్నాడు కలెక్టర్లు కూర్చుని తేల్చి, రేవులో బోర్డు మీద రాయించాలి.