పోలీసు ఫైరింగ్ రేంజ్‌ను ఆదివారం మన పిల్లలకు తెరవాలి



హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచాడు. 2024 పారిస్‌లో కొల్హాపూర్ జిల్లా పల్లెటూరి బిడ్డ స్వప్నిల్ కుశాలే 50 మీటర్ల రైఫిల్‌లో కాంస్యం సాధించాడు. ఈ రెండు దూరాల మధ్యే మన జిల్లాల పిల్లలు ఆగిపోతున్నారు.

10 మీటర్లకు ఒక హాలు చాలు. 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న .177 ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు కూడా అక్కర్లేదు. ఆ పై మెట్టు 50 మీటర్ల .22 రైఫిల్, దాని తర్వాత 300 మీటర్లు. వీటికి ఆరుబయలు కావాలి, తూటాలను ఆపే ఎత్తయిన మట్టికట్ట కావాలి.

హాల్లో నేర్వలేని విద్య గాలిని చదవడం. 300 మీటర్ల గురిపలకలో పదో వలయం వ్యాసం 10 సెంటీమీటర్లే. గంటకు 15 కిలోమీటర్ల అడ్డగాలి వీస్తే .308 తూటా అంత దూరంలో దాదాపు జానెడు పక్కకు జరుగుతుంది. జెండా ఎటు ఊగుతోంది, ఎండకు లేచే ఆవిరి ఎటు వాలుతోంది, ఇప్పుడు కాల్చాలా, ఆగాలా? ఇది ఏళ్ల తరబడి బయట కాల్చినవాళ్లకే పట్టుబడుతుంది.

బయట కాల్చడానికి కావలసిన మట్టికట్టలు కొత్తగా పోయనక్కర్లేదు. చాలా జిల్లాల్లో సాయుధ పోలీసుల ఫైరింగ్ రేంజ్‌లు ఉన్నాయి. పోలీసుల సాధన లేని ఆదివారం ఉదయాల్లో వాటిని గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బులకు ఇవ్వాలని మేం కోరుతున్నాం. ఎన్‌సీసీలో .22 పట్టి, కాలేజీ దాటగానే వదిలేసిన యువతీయువకులు మొదట వస్తారు.

ఊళ్లో తుపాకులు పెరుగుతాయన్న భయాన్ని మేం తేలిగ్గా తీసుకోవడం లేదు. క్లబ్బు రైఫిళ్లు పోలీసు ఆయుధాగారంలోనే ఉండాలి. ఇచ్చిన తూటాలకు, తిరిగొచ్చిన ఖాళీ తొడుగులకు లెక్క కుదరాలి. శిక్షణలో, నిర్ణీత షరతులకు లోబడి చిన్నవారు కాల్చడానికి 1959 ఆయుధాల చట్టమే వీలిచ్చింది.

కొత్తగా వచ్చేవారికి ఒక మాట. పెద్ద రైఫిల్, ఖరీదైన టెలిస్కోపు కొనకండి. మొదటి ఏడాది .22తో, మామూలు సైట్లతో, పడుకుని కాల్చండి. ఊపిరి నిలపడం, ట్రిగ్గర్‌ను కుదుపు లేకుండా నొక్కడం, తూటా వెళ్లాక కూడా కాసేపు గురి మీదే ఉండడం అలవడాలి. ఇవి రానివాడికి 300 మీటర్లలో ఏ రైఫిలూ సాయపడదు.

ఈ కోరికతో ఎస్పీకి, కలెక్టరుకు ఇచ్చే అర్జీపై సంతకం చేయండి. మీ వార్డు సభ్యుడితో, కాలేజీ ప్రిన్సిపాల్‌తో, ఎన్‌సీసీ అధికారితో కూడా చేయించండి.