మిర్గం చేప, బిగిసిన ఊపిరి

మిర్గం (మృగశిర కార్తె) దగ్గర పడితే గోదావరిఖని, రామగుండం కాలనీల నుంచి కూడా ఆయాసపడేవాళ్లు హైదరాబాద్ రైలెక్కుతారు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం కొర్రమీను పిల్ల నోట్లో పసుప్పచ్చ ముద్ద పెట్టి, బతికుండగానే గొంతులోకి వదులుతుంది. శాకాహారులకు బెల్లంలో పెట్టి ఇస్తుంది. 1845లో ఒక సాధువు చెప్పిన రహస్యం అంటారు. ఆ రహస్యాన్ని పరీక్షకు పెట్టమనే సైన్సు ప్రచార సంస్థ జన విజ్ఞాన వేదిక ఏళ్లుగా అడుగుతోంది. పిల్లలను చంకనెత్తుకుని వరుసలో నిలబడ్డ తల్లుల మీద నాకు కోపం లేదు. ఊపిరి ఎందుకు బిగుస్తుందో వాళ్లకు తెలుగులో, తీరిగ్గా చెప్పినవాళ్లు తక్కువ.

శ్వాసనాళాల చుట్టూ సన్నని కండరం ఉంటుంది. ఉబ్బసంలో అది బిగుస్తుంది, లోపలి పొర వాస్తుంది. ఆ కండర కణాల పైపొరలో బీటా-2 గ్రాహకాలున్నాయి. ఒక్కో గ్రాహకం పొరను ఏడుసార్లు దాటి అల్లుకున్న ప్రోటీన్. ఒంట్లో పుట్టిన అడ్రినలిన్ గానీ, ఇన్‌హేలర్‌లోని సాల్బుటమాల్ గానీ బయటివైపు అతుక్కోగానే దాని ఆకారం మారుతుంది. లోపలివైపున్న జి-ప్రోటీన్ తన జీడీపీ అణువును వదిలి జీటీపీ అణువును పట్టుకుని, వెళ్లి ఒక ఎంజైమును లేపుతుంది. ఆ ఎంజైము ఏటీపీ అణువును సైక్లిక్ ఏఎంపీగా మారుస్తుంది. దాంతో కండరం సడలుతుంది. బొగ్గు బాయి లోపల గంట కొడితే పైన హాలేజీ ఇంజను కదిలినట్టే ఇదీ. బొగ్గు టబ్బులను లాగేది గంట కాదు.

ఈ గొలుసులో ఒక్కో కొస పట్టుకున్నందుకు సదర్లాండ్‌కు 1971లో, గిల్మన్, రాడ్‌బెల్‌లకు 1994లో, లెఫ్కోవిట్జ్, కోబిల్కాలకు 2012లో నోబెల్ వచ్చింది. ఆ ఏటీపీని 1929లో ఫిస్క్‌తో కలిసి వెలికితీసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. వీళ్లంతా తమకు తెలిసినదాన్ని అచ్చువేసి, తప్పుంటే పట్టుకోమని లోకం ముందు పెట్టారు.

గుండె కోసం ప్రొప్రనలాల్ అనే మందు మింగితే అది ఆ బీటా-2 గ్రాహకాలను కూడా మూసేస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరి బిగుసుకుపోవచ్చు. ఎంత భక్తి ఉన్నా ఆ ఫలితం మారదు. మింగిన చేప మాత్రం కడుపులో అరుగుతుంది, శ్వాసనాళాల్లోకి పోదు. ‘మరి మావాడికి తగ్గింది కదా’ అంటారు. ఉబ్బసం దానంతటదే పెరిగి తగ్గే జబ్బు. తగ్గినవాళ్లే పది మందికి చెబుతారు.

‘ఇన్‌హేలర్ అలవాటైతే మానలేం’ అనే భయంలో కొంత నిజముంది, అది వేరే చోట ఉంది. సాల్బుటమాల్ ఒక్కటే పదేపదే పీలిస్తే గ్రాహకాలు మొద్దుబారతాయి, వాపు అలాగే మిగులుతుంది. అందుకే వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ కావాలి. దానికే భయపడి దూరం పెట్టడం ప్రాణాంతకం కావచ్చు.

బొగ్గు బాయి మనిషికి ఇంకో సంగతి. అతని ఆయాసం ఉబ్బసం కాకపోవచ్చు. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుంటే వచ్చే న్యుమోకోనియోసిస్‌లో ఏ గ్రాహకాన్ని కదిలించినా దుమ్ము బయటికి రాదు. చట్టం దాన్ని తప్పక తెలియజేయాల్సిన జబ్బుగా గుర్తించింది, నష్టపరిహారం ఇవ్వాల్సిన జబ్బుల జాబితాలోనూ అది ఉంది. చేప మింగి ఊరుకున్న కార్మికుడి చేతిలో ఛాతీ ఎక్స్‌రే ఉండదు, ఊపిరి పరీక్ష కాగితం ఉండదు. పరిహారం అడగడానికి ఆధారమూ ఉండదు.