హెవీ లైసెన్సు ఒక్కటే చాలదు

మదనపల్లె మార్కెట్లో టమాటా ఎత్తి తెల్లారేలోగా చెన్నై కోయంబేడులో దించడం మా పెద్దతిప్పసముద్రం వైపు డ్రైవర్లకు బాగా తెలిసిన పని. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. అందులో డ్రైవరుకు పేరొచ్చేది వేగంతోనే. 2023 జులైలో కిలో 150 రూపాయలు దాటినప్పుడైతే ఆలస్యంగా వచ్చిన బండి వైపు మండీలో తల తిప్పి చూసేవాళ్లు కాదు.

ఇప్పుడు పాల ట్యాంకరు తోలుతున్నాను. చాలా రాత్రులు ఇంట్లోనే నిద్ర. మారినందుకు బాధ లేదు. బండి తాళం చేతికిచ్చిన పెద్దమనిషి మాట మాత్రం మింగుడుపడలేదు: "హెవీ లైసెన్సు ఉంది కదప్పా, ఇంక నేర్పేదేముంది?"

చాలా ఉంది. మూత మీద సీళ్లు, శాంపిళ్లు, 4 డిగ్రీల చల్లదనం, ఇవి ఇట్టే అలవాటవుతాయి. బ్రేకు అట్లా కాదు. తాడు బిగించి కట్టిన టమాటా క్రేట్లు బండితోపాటే ఆగుతాయి, పాలు ఆగవు. నిండుకుండ తొణకదు, సగం ట్యాంకుతోనే తంటా. 10,000 లీటర్ల ట్యాంకులో సగమంటే ఐదు టన్నుల పైమాటే. బ్రేకు తొక్కాక ఆ బరువంతా వచ్చి ముందుగోడకు కొట్టుకుని బండిని ఇంకాస్త నెడుతుంది. మలుపులో అయితే పక్కకు తోస్తుంది. లోపల అడ్డుపలకలుంటే ఆ ఊపు తగ్గుతుంది. కడగడానికి ఇబ్బందని కొన్ని పాల ట్యాంకుల్లో అవి పెట్టరు, నాకిచ్చింది అట్లాంటిదే. ఒక్కో ఊళ్లో కొన్ని పాలు ఎక్కించుకుంటూ పోతాం కాబట్టి దారిలో సగం ట్యాంకు తప్పదు. ఎండాకాలం పాలు తగ్గితే పలమనేరు దాటాక మొగిలి ఘాట్ కూడా ఆ సగంతోనే దిగాలి. దిగకముందే గేరు తగ్గించాలి, మలుపులోకి పోకముందే వేగం చంపుకోవాలి. ఈ మాట నాకు చెప్పింది టీ అంగడి దగ్గర కలిసిన ఒక ముసలి డ్రైవరు, పనిలో పెట్టుకున్నవాళ్లు కాదు.

పెట్రోలు, గ్యాస్ తోలేవాళ్లకు 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు మూడు రోజుల శిక్షణ తప్పనిసరి చేశాయి. పాలు అంటుకోవు కాబట్టి ఆ నిబంధన మాకు వర్తించదు. బోల్తా పడటానికి అంటుకోవాల్సిన పనేముంది?

డ్రైవర్లే దొరకడం లేదు, శిక్షణ అంటూ బండి నిలబెడితే ఎట్లా అంటారు యజమానులు. నిలబెట్టమని ఎవరన్నారు? కొత్తవాణ్ని పాత డ్రైవరు పక్కన కూర్చోబెట్టి కొన్ని ట్రిప్పులు పంపండి, ఆ రోజులకూ జీతం, బత్తా ఇవ్వండి. రవాణా శాఖ కూడా పాలు, నీళ్ల ట్యాంకర్లు తోలేవాళ్లకు పెట్రోలు ట్యాంకర్లవాళ్లకు మల్లే మూడు రోజుల శిక్షణ పెట్టాలి.