ఉమ్మడి గాదెకు తాళపుచెవి

బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో వీణ చేయువారు పనసమొద్దు నొక్కదానినే తీసికొని, కుండను వేరుగ దండిని వేరుగ చేసి అతుకుటకు మారుగ, రెంటిని ఆ మొద్దులోనుండియే తొలిచి తీయుదురు. ఏకాండి వీణ యను పేరు దానికి అందుచేతనే కలిగినది. 1999 నాటి చట్టము ననుసరించి 2011-12లో బొబ్బిలి వీణకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినప్పటినుండి ఆ పేరు ఏ యొక్క ఇంటివారి సొత్తును గాక, ఆ చోట ఆ పద్ధతిని ఆ పని చేయు వారందరి ఉమ్మడి సొత్తైనది. ఉమ్మడి సొత్తునకు వ్రాతపూర్వకమైన కట్టుబాటు తప్పదు గనుక, వస్తువు ఏ ప్రాంతమునకు చెందినది, దేనితో చేసినది, దాని పనితన మెట్టిది అనునవి గుర్తింపునకై పెట్టుకొన్న దరఖాస్తులోనే చెప్పవలసి యుండును. అయితే ఆ వీణపై కల్యాణి పలికింపవలెనా, తోడి పలికింపవలెనా, సినిమా పాట వాయించిన వాని చేతినుండి వీణను వెనుకకు తీసికొనవలెనా అను చర్చకు ఆ కాగితములలో చోటు లేదు. ఉలి పట్టువారికి తెలిసిన ఈ వివేకము సాహిత్య సభలలో కూర్చుండువారికి తోచకుండుట చూచి నేను పలుమార్లు విస్తుపోయితిని.

ఒక ఊరివారో, ఒక సంఘమువారో తమలో వ్రాయు వారందరి రచనలను ఒక్కచోట చేర్పదలచినప్పుడు, అది ఉగాదికి వెలువరించు సంచిక కానిండు, గ్రంథాలయమున స్థానిక రచయితలకై విడిచిన బీరువా కానిండు, మొదటి సమావేశములో తెచ్చిన టీ చల్లారకమునుపే సభ్యులు రెండు పక్షములుగ చీలుదురు. వచ్చిన దెల్ల చేర్పుడు, కాదనుటకు మన మెవరము అనునది ఒక పక్షము. స్థాయి చూడనిచో నలుగురు నవ్విపోరా అనునది రెండవ పక్షము. మొదటివారి ఔదార్యము మూడు నెలలు నిలుచును. అంతలో ఒకడు మరియొకని పద్యమును తన పేర పంపును. వేరొకడు ఎదురింటివానిని గుర్తుపట్టునట్లుగ చిత్రించి కథ యనును. అప్పుడు కట్టుబాటు లేని లోటు కానవచ్చి, కోపములో నియమములు పుట్టును. కోపములో పుట్టిన నియమము ఒక మనిషి ముఖమును చూచి కుట్టిన చొక్కా వంటిది, రెండవవానికి పట్టదు. ఇక రెండవ పక్షమువారి స్థాయి యన్నది కొలబద్ద లేని కొలత. అది ఏనాటికానాడు అధ్యక్షుని అభిరుచిగ మారిపోవుచుండును. నియమములు ముందే వ్రాసికొనవలెననియు, అవి రచన యెక్కడ పుట్టినది, ఎట్లు వచ్చి చేరినది అనుదానిని, అంతకన్న ముఖ్యముగ ద్వారమున నిలిచినవాని చేతులను కట్టవలెనే గాని రచన రుచిని కట్టరాదనియు నా అభిప్రాయము.

ఇందులకు దూరపు నిదర్శనము లక్కరలేదు. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళమున కాళీపట్నం రామారావుగారు కథానిలయమును తెరచిరి. కారా మాస్టారు స్వయముగ తెలుగు కథకు కొలబద్ద వంటివారు. 'యజ్ఞము' వ్రాసిన చేయి అది. కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కార మందిన గౌరవ మది. ఏది మంచికథ, ఏది కాదు అని తీర్పు చెప్పుటకు వారికన్న అధికారము గలవాడు ఆ నాడు తెలుగునేలపై అరుదు. అట్టివారు కట్టిన నిలయమున ప్రవేశమునకు కథ మంచిదై యుండవలెనను షరతు లేదు. అది తెలుగు కథయా, అచ్చయినదా, ఏ పత్రికలో ఏ సంవత్సరమున వచ్చినది, వ్రాసిన దెవరు అను ప్రశ్నలే అక్కడి గడపపై నున్నవి. వారపత్రికలో కాలక్షేపమునకు వచ్చి మరునాడు పకోడీల పొట్లము కావలసిన కథయు, తరతరములు చదువుకొనవలసిన కథయు ఒకే అలమరలో పక్కపక్కన నిలిచియుండును. తీర్పు చెప్పగలవాడు తీర్పును గడపవద్ద చెప్పక, లోనికి రానిచ్చి చదువరికి వదలుటలో నున్న నిగ్రహమును మనము తగినంతగ గుర్తింపలేదని నాకు తోచును. మాస్టారు 2021 జూన్ 4న కన్నుమూసిరి. ఆ అలమరలు నిలిచియున్నవి.

ఆ నిగ్రహమువలని లాభ మేమని అడుగువారుందురు. తొలి తెలుగు కథ 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు' అని చిరకాలము మన మందరము ఒప్పజెప్పితిమి. భండారు అచ్చమాంబగారి 'ధనత్రయోదశి' 1902లోనే 'హిందూసుందరి' పత్రికలో వెలువడినదని పరిశోధకులు తరువాత చూపిరి. ఏది తొలికథ యను వివాద మింకను తీరలేదు, తీరవలసిన అవసరమును లేదు. కాని ఆ వివాదము పుట్టుటకే పాత సంచిక యెక్కడనో మిగిలియుండవలెను గదా. ఆడవారి పత్రిక, అందులో ఒక చిన్న కథ, దీని స్థాయి యేమని ఎవరో ఒకరు పెదవి విరిచి పారవేసియుండినచో, నేడు మనకు ప్రశ్నయే లేకపోయెడిది.

ఎన్నుకొనుటయే తప్పని నేననుట లేదు. 1935లో ముద్దుకృష్ణగారు 'వైతాళికులు' సంకలనమున నవ్యకవిత్వమును తమ రుచికొలది ఏరి కూర్చిరి. ఆ ఏరికకు ఆయన పేరే పూచీ. నచ్చనివాడు వేరొక దండను గ్రుచ్చుకొనవచ్చును. దండ ఒక్కని చేతిపని. గాదె యన్నదో, అందరి కళ్లములనుండి వచ్చిన ధాన్యమును పోయు చోటు. గాదెను పట్టుకొని ఇది నా దండ యనువాడును, దండను చూపి ఇది అందరి గాదె యనువాడును సమానముగ మోసగించువారే, తెలిసి చేసినను తెలియక చేసినను. ప్రభుత్వము సహితము ఈ భేదము నెరుగును. 1954 నాటి చట్టము ప్రచురణకర్తలు తాము అచ్చువేసిన ప్రతి పుస్తకమునుండి కలకత్తాలోని జాతీయ గ్రంథాలయమునకును, మద్రాసులోని కన్నెమరాకును, బొంబాయి, ఢిల్లీలలోని గ్రంథాలయములకును ఒక్కొక్క ప్రతి పంపవలెనని శాసించినది. పుస్తకము పంపదగినదా కాదా యని అందెవ్వరు అడుగరు.

రుచికి సంబంధించిన నియమము ఎట్లు పనిచేయునో తెలిసికొనుటకు 'రాధికాసాంత్వనము' కథను మించినది మన భాషలో లేదు. తంజావూరిని ప్రతాపసింహుడు ఏలిన పదునెనిమిదవ శతాబ్దపు నడిమికాలమున ఆ కొలువులో వెలుగొందిన ముద్దుపళని వ్రాసిన శృంగారప్రబంధ మది. అంతకుముందు అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యములును, కవయిత్రి తన కుటుంబమును గురించి చెప్పుకొన్న భాగమును లోపించుట గమనించిన బెంగుళూరు నాగరత్నమ్మగారు, వ్రాతప్రతిని సంపాదించి, సరిచూచి, 1910లో వావిళ్లవారిచేత సమగ్రముగ వెలువరింపజేసిరి. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆ కావ్యమును, దానిని వ్రాసిన యామెను గూడ, స్త్రీ నోట రాదగని మాటలని నిందించియుండిరి. నాగరత్నమ్మగారు ఊరకుండలేదు. సిగ్గు, మర్యాద యనునవి ఆడువారికే గాని మగవారికి లేవా యని నిలదీసిరి. పంతులుగారు స్వయముగ పరిష్కరించి మెచ్చిన పురుషకవుల ప్రబంధములలో ఇంతకన్న మోటైన వర్ణనలు లేవా యని ఎత్తిచూపిరి. ఆమె అడిగినది మినహాయింపు కాదు. నియమమన్నది ఉండినచో అందరిపై ఒక్కతీరున నడవవలెనని మాత్రమే. 1911లో మద్రాసు ప్రభుత్వము అశ్లీలమను నెపమున ఆ పుస్తకమును నిషేధించి ప్రతులను పట్టుకొనెను. ప్రకాశం పంతులుగారు మద్రాసు రాష్ట్రమునకు ప్రధానిగ నున్నప్పుడు గాని ఆ నిషేధము తొలగలేదు.

అశ్లీలము, అసభ్యము, స్థాయి, సంప్రదాయము అను మాటలు నియమావళిలో కూర్చున్నప్పుడు ఎంతో పెద్దమనుషులవలె కనబడును. అమలులోనికి దిగినతోడనే ఎవరు వ్రాసిరో చూచి కాని నోరు తెరువవు. వీరేశలింగముగారు సామాన్యులు కారు, స్త్రీల మేలుకోరినవారిలో అగ్రగణ్యులు. అట్టివారి చేతిలోనే కొలత వంకర పోయినదన్నచో, మన ఊరి సంఘాధ్యక్షుని చేతిలో అది నిటారుగ నిలుచునని ఏ ధైర్యముతో నమ్మవలెను?

భాషనుబట్టి ద్వారము మూయుట మరియొక రకము. విజయనగరమున గురజాడయు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారును, బడిపిల్లలు పరీక్షలో వ్రాయు తెలుగు వ్యాసము ఏ భాషలో నుండవలెనను తగవులో తలమునకలై యుండిన కాలమున, మద్రాసు విశ్వవిద్యాలయపు సంఘములో అధికసంఖ్యాకులు గ్రాంథికమువైపు మొగ్గిరి. గురజాడ 1914లో తన అసమ్మతిపత్రమును సమర్పించెను. గ్రాంథికము తప్ప వేరు పనికిరాదన్న పండితుల గ్రాంథికములోనే దొరలిన తప్పులను గిడుగువారు పుటలకొలది ఏరి చూపిన తీరు తలచుకొన్న నేటికిని నవ్వు వచ్చును. ద్వారపాలకుడు తాను దాటలేని గడపను ఇతరులకు పెట్టుట ఎప్పుడును ఇట్లే ముగియును. నా వ్రాతను చదువుచున్నవారు ఈపాటికి ముసిముసి నవ్వులు నవ్వుచుందురని ఎరుగుదును: వ్యావహారికమే వ్రాయవలెనని నేడెవరైన నియమించినచో మొదట వెలివడునది ఈ వ్యాసకర్తయే. అందుచేత నా వాదములో కొంత స్వార్థ మున్నదని ఒప్పుకొనుచున్నాను.

ఇక మా ఊరి కథ. 1757 జనవరి 24న బుస్సీ సేనలు విజయనగర ప్రభువు విజయరామరాజుకు తోడై బొబ్బిలి కోటను ముట్టడించినవి, కోట పడినది, తరువాత తాండ్ర పాపారాయుడు గుడారమున దూరి విజయరామరాజును పొడిచి చంపెను. ఈ యుద్ధమును గూర్చి దిట్టకవి నారాయణకవి 'రంగరాయచరిత్రము' వ్రాసెను; గాయకుల నోట బొబ్బిలికథ ఊరూరికి ఒక తీరున పెరిగినది; ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ తనకు చేరిన వార్తలను బట్టి ఒక వృత్తాంతమును వ్రాసెను; దరిదాపు నూటయేబది యేండ్ల తరువాత బొబ్బిలి మహారాజు వేంకటశ్వేతాచలపతి రంగారావుగారు సంస్థానపు పక్షమున ఇంగ్లీషులోనే ఒక చరిత్రను ప్రకటించిరి. వీనిలో ఏ రెండును అన్నివిధముల పొసగవు. ఇప్పుడు బొబ్బిలి యుద్ధమును గూర్చిన రచనల నన్నిటిని ఒక్కచోట చేర్చు సంఘమొకటి ఏర్పడినదనుకొందము. బొబ్బిలివాడు ద్వారమున నిలిచినచో విజయనగర పక్షమున వ్రాసినది ద్రోహుల వ్రాత యగును. విజయనగరమువాడు నిలిచినచో పాపారాయుని పాట హంతకుని స్తోత్రమగును. ఇద్దరును నిజాయితీపరులే యని పెట్టుకొన్నను ఇంతే. 1979లో జిల్లా యేర్పడినప్పటినుండి మాది విజయనగరము జిల్లాయే. అయినను పాత పాట వినునప్పుడు మా చెవులు ఒకవైపునకే వాలును.

మరి నియమము లెట్టివి యుండవలెను? పుట్టుకతోనే మొదలు పెట్టవలెను. రచన ఎవరిది, ఇదివర కెక్కడ వచ్చినది, అనువాదమైన మూల మేది, విన్న పాటయైన ఏ ఊరిలో ఎవరినోట విన్నది అనునది వ్రాయనిదానిని, అది ఎంత సొంపుగ నుండినను, చేర్పరాదు. ఇందులో పట్టుదల యెంత యుండినను తక్కువే. పరాయి రచనను చేర్చునప్పుడు 1957 నాటి కాపీరైటు చట్టము రచయిత బ్రతికినంత కాలమును, ఆపై 60 ఏండ్లును హక్కు నిలుచునని చెప్పుచున్నదని మరువరాదు. గురజాడను అడుగనక్కరలేదు, కారా మాస్టారి వారసులను అడుగవలెను. బ్రతికియున్న మనిషిని గూర్చి సంగతిగ చెప్పిన ఆరోపణకు ఆధారము చూపుమనవలెను. పరువునష్టమును శిక్షించు భారతీయ న్యాయసంహిత 356వ సెక్షను సైతము లోకహితమునకై చెప్పిన నిజమును మినహాయించుచున్నది. చట్టము విడిచినదానిని సంఘము బిగింపబూనుట పిరికితనము. ఒక కులమును, ఒక మతమును మనుషులుగ పనికిరారని తిట్టుటకే పుట్టిన వ్రాతను నేను ఆపుదును. కులమును గూర్చి చేదునిజమును చెప్పిన వ్రాతను ఆపను. ఈ రెంటి నడుమ గీత సన్నగ నున్నదన్నది నిజమే, కనుకనే ఆపినవాడు ఎందుల కాపెనో సంతకముతో వ్రాసి ఇయ్యవలెనందును. నోటిమాటగ చెప్పిన "బాగులేదండీ" అనునది కారణము కానేరదు.

ఇన్నింటిని రానిచ్చినచో పొల్లు పెరిగిపోదా యని అడుగుదురు. పెరుగును. ఒకరే నలువది పద్యములు పంపి సంచికనంతయు ఆక్రమింపజూతురు. అట్టి బెడదకు ఒక్కరికి ఇన్ని పుటలని పరిమితి పెట్టిన చాలును, ఆ పరిమితి కార్యదర్శికి గూడ వర్తించినంతవరకు. తూర్పారబట్టుట మన రైతునకు తెలిసిన విద్యయే, కాని దానికి గాలి కావలెను. నాలుగు గోడల నడుమ ముగ్గురు కూర్చుండి చేటతో చెరిగినదానిని తూర్పార యనరు. మంచి సూచిక, విషయవారీ పట్టిక, తేదీల క్రమము, ఇవి యున్నచో చదువరి తనకు కావలసిన గింజను తానే ఏరుకొనును. ఈ పని నీరసమైనది, దీనికి సన్మానములు లేవు, అందుచేతనే దీనిని విడిచి అందరును ఎంపికసంఘములో కుర్చీకై పోటీపడుదురు.

ఆపిన రచనల మాట మిగిలినది. వానిని తిరిగి పంపివేయుటయు, చింపివేయుటయు రెండును నాకు సమ్మతములు కావు. ఆపిన కారణమును పైన అంటించి, ప్రత్యేకముగ ఒక పెట్టెలో నుంచవలెను; మొదట ఆపినవారు గాక వేరొకరు ఏడాదికొకసారి దానిని తెరచి మరల చదువవలెను; రచయిత తన సమాధానమును ఆ కాగితముతోనే జతపరచుకొను హక్కు కలిగియుండవలెను. 1911లో పట్టుకొన్న ప్రతులతో పాటు నాగరత్నమ్మగారి ప్రశ్నయు మాసిపోకుండుటకు కారణము ఎవరో కొందరు తమ ప్రతులను దాచుకొనుటయే గాని ప్రభుత్వము పెట్టెకట్టి యుంచుట కాదు గదా. ఆ పెట్టె తాళపుచెవి ఎవరియొద్ద నుండవలెనని నన్నడిగినచో, బొబ్బిలి గాదెకు సంబంధించినంతవరకు దానిని విజయనగరమువాని చేతిలో పెట్టుదును. విజయనగరమువారి గాదెకు తాళపుచెవి పట్టుటకు మావాడొకడు సిద్ధముగనే యున్నాడు.